837 దొరికే రేడియో

మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ పోయినవారం వాట్సాప్‌లో అడిగింది. "మా అమ్మకి చిన్న రేడియో కొనాలి. చేతిలో పట్టాలి, బాగా వినపడాలి. ఏది మంచిదో చెప్పవూ?" నాన్న కోసం ఏడాదిలో నాలుగు రేడియోలు మార్చానని ఆవిడకి తెలుసు. వెంటనే ఒక మోడల్ పేరు టైప్ చేశాను. పంపేముందు ఆగి చెరిపేశాను. ఆ పేరు మా నాన్నకి సరిపోయింది. వాళ్ళమ్మకి సరిపోతుందని నేనెలా చెప్పగలను? "మీ అమ్మగారు ఏ స్టేషన్ వింటారు? ఇంట్లో ఎక్కడ కూర్చుని వింటారు?" అని తిరిగి అడిగాను. "రేడియో కొనడానికి ఇవన్నీ దేనికి?" అంది. దానికి జవాబు వాట్సాప్‌లో పట్టేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జేబు రేడియో కొనేటప్పుడు చూడాల్సినవి రెండే. మనకి కావలసిన స్టేషన్‌ని మనం కూర్చునే చోట అందుకుంటుందా? అందుకున్న మాట మనిషి మాటలా వినిపిస్తుందా? బ్లూటూత్, పెన్‌డ్రైవ్, టార్చిలైటు, సోలార్ ప్లేటు ఇవన్నీ ఆ తరవాత. ఈ రెంటి కోసం రేడియో జేబులో పట్టకుండా కాస్త బయటికి వచ్చినా సరే అంటాను.

నాన్నకి కావలసిన స్టేషన్

మాది అవనిగడ్డ దగ్గర ఒక పల్లె. అమ్మ పోయాక నాన్నని కూకట్‌పల్లిలో మా ఫ్లాటుకి తీసుకొచ్చాం. నాలుగో అంతస్తు. ఊళ్ళో నాన్న రేడియో అంటే విజయవాడ కేంద్రమే. మీడియం వేవ్ 358.4 మీటర్లు, అనగా 837 కిలోహెర్ట్జ్. పొద్దున్న భక్తిరంజని, ఆరూ ముప్పావుకి ప్రాంతీయ వార్తలు, సాయంత్రం పాడిపంటలు. పొలం కౌలుకిచ్చేసి ఎన్నో ఏళ్ళయినా పాడిపంటలు మాత్రం మానలేదు. అక్కడ ఆ స్టేషన్ కోసం వెతకడమనే మాటే లేదు. ఎంత నాసిరకం రేడియో అయినా, గూట్లో పెట్టినా, మంచం కింద పెట్టినా ఖంగుమని పలికేది.

హైదరాబాద్ వచ్చాక సంగతి వేరు. ఇక్కడికి విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు. మీడియం వేవ్ నేలని పట్టుకుని వస్తుంది కాబట్టి అంత దూరం నుంచీ పగటి పూట అందుతుంది. కానీ సన్నగా అందుతుంది. పైగా హైదరాబాద్ కేంద్రం 738 మీద 200 కిలోవాట్లతో పక్కనే ఉంది. నాన్న వెంట తెచ్చుకున్న పాత ట్రాన్సిస్టర్‌లో వాల్యూం తిప్పితే గరగర, బ్యాండు మార్చే మీట వదులు. ఒకరోజు పూర్తిగా మూగబోయింది. "ఇక్కడి స్టేషన్ బానే ఉంది కదా నాన్నా, అందులోనూ తెలుగే కదా" అన్నాను. ఆయన కాదనలేదు. "మనూరి వానల సంగతి వాళ్ళు చెప్పరు కదమ్మాయ్" అన్నారు. అంతే, రేడియో కొనాలని ఆ పూటే నిర్ణయించుకున్నాను.

మొదటిది కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను. కొట్టు అబ్బాయి చాలా చూపించాడు. బ్లూటూత్ ఉంది, మెమరీ కార్డు పెట్టుకోవచ్చు, వెనక సోలార్ ప్లేటు, పక్కన టార్చి. డబ్బా మీద ఏఎం (అంటే మీడియం వేవే), ఎఫ్ఎం, షార్ట్‌వేవ్ మూడూ ఉన్నాయని రాసుంది. కొట్లో ఎఫ్ఎం పెట్టి వినిపిస్తే అదిరిపోయింది. ఇంటికి తెచ్చి మీడియం వేవ్ పెడితే డయల్ మీద సగం దూరం హైదరాబాద్ కేంద్రమే. ముల్లు ఎటు జరిపినా అదే వెనకనుంచి వినపడుతోంది. 837 దగ్గర వట్టి జోరీగ మోత. నాన్న ఏమీ అనలేదు. పెన్‌డ్రైవ్‌లో ఘంటసాల పాటలు వేసిస్తే "బాగున్నాయమ్మాయ్" అన్నారు. పది రోజుల తరవాత చూస్తే ఆ రేడియో టీవీ పక్కన దుమ్ము పట్టి ఉంది. పొద్దున్న ఆరింటికి ఆయన లేచి ఊరికే బాల్కనీలో కూర్చుంటున్నారు.

ఆ దుమ్ము చూశాక నాకు నిజంగా బాధేసింది. వస్తువు కొని చేతిలో పెడితే పని అయిపోయిందనుకున్నాను. ఆయనకి ఏం కావాలో ఆయన నోటితో స్పష్టంగా చెప్పారు, నేను మాత్రం డబ్బా మీద రాసింది చదివాను.

లోపలి కడ్డీ సంగతి

మా వీధి చివర టీవీలు బాగుచేసే ముసలాయన ఒకాయన ఉన్నారు. ఆ రేడియో పట్టుకెళ్ళి "ఎందుకు అందుకోవడం లేదు?" అని అడిగితే, మూత తీసి చూపించారు. లోపల నల్లటి కడ్డీ ఒకటి, దాని మీద సన్నటి రాగితీగ చుట్ట. పొడవు నా చిటికెన వేలంత కూడా లేదు. "అమ్మా, మీడియం వేవ్‌కి ఏరియల్ ఇదే. పైకి లాగుతారే, ఆ పుల్లకీ దీనికీ సంబంధం లేదు. అది ఎఫ్ఎంకి, షార్ట్‌వేవ్‌కి" అన్నారు. నాకు అది కొత్త సంగతి. ఊళ్ళో దూరపు స్టేషన్ ఏదైనా సరిగ్గా రాకపోతే అందరూ ఏరియల్ పుల్ల పైకి లాగి అటూ ఇటూ తిప్పడమే నాకు గుర్తు. పుల్లని తిప్పుతూ చేతిలో రేడియోని కూడా తిప్పేవాళ్ళు. పనిచేసింది రేడియో తిరగడం, పేరు మాత్రం పుల్లకి వచ్చింది.

ఆ కడ్డీని ఫెర్రైట్ రాడ్ అంటారు. 358 మీటర్ల తరంగాన్ని వేలెడంత కడ్డీ పట్టుకోవాలి. ఎంత పొడుగూ లావూ ఉంటే అంత మేలు. జేబు రేడియో అనే మాటలో చిక్కంతా ఇక్కడే ఉంది. రేడియోని చిన్నది చేసినకొద్దీ కడ్డీ చిన్నదవుతుంది. ఎలక్ట్రానిక్స్ ఎంత ముందుకెళ్ళినా కడ్డీ పొడవుని పూర్తిగా పూడ్చలేదు. చొక్కా జేబులో పట్టే రేడియోలో అయిదారు సెంటీమీటర్ల కడ్డీ ఉంటే గొప్ప. కొంచెం పెద్దదైతే పది దాకా పడుతుంది. ఆ నాలుగైదు సెంటీమీటర్లే నాన్నకి ఊరి వానల సంగతి తెలియడానికీ తెలియకపోవడానికీ తేడా.

ఇంకో సంగతి. కడ్డీకి దిక్కు ఉంది. దాని పక్క భాగం స్టేషన్ వైపు ఉంటే బాగా అందుకుంటుంది, కొస స్టేషన్ వైపు ఉంటే దాదాపు అందుకోదు. ఇది లోపమనుకుంటారు గానీ నాకైతే వరం. హైదరాబాద్‌కి విజయవాడ తూర్పున, కాస్త ఆగ్నేయానికి ఒరిగి ఉంటుంది. ఈ చిన్న రేడియోల్లో కడ్డీ ఎక్కువగా పై అంచు వెంబడి అడ్డంగా ఉంటుంది. కాబట్టి రేడియో ముఖమో వీపో విజయవాడ వైపు పెడితే ఆ స్టేషన్ పైకి లేస్తుంది. పక్క స్టేషన్ మీద పడుతుంటే కొసని దానివైపు తిప్పి దాని నోరు చాలావరకు మూయించవచ్చు. తరవాత కొన్న రేడియోతో నాన్న ఇది రెండు రోజుల్లో పట్టేశారు. బాల్కనీ పిట్టగోడ మీద సుద్దముక్కతో గీత గీసుకున్నారు. రేడియో ఆ గీత వెంబడి పెడితే విజయవాడ.

బల్బు ఆపితే వచ్చిన విజయవాడ

రెండోది పాతకాలపు తరహా రెండు బ్యాండుల రేడియో. ముల్లు, పక్కన పళ్ళచక్రం, రెండు పెన్ సెల్స్. దీనిలో మొదటిరోజు రాత్రి విజయవాడ వినపడీ వినపడనట్టు వచ్చింది. కరెంటు పోయింది. అప్పుడు చూడాలి. గరగర మొత్తం ఒక్కసారి తెగిపోయి, వార్తలు చదివే గొంతు పక్కన నిలబడి చెప్పినట్టు వచ్చింది. నాన్నా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం, చీకట్లో ఎంత కనపడితే అంత. కరెంటు రాగానే మళ్ళీ గరగర.

మర్నాడు ఒక్కొక్క స్విచ్చీ ఆపుతూ వెతికాను. బాల్కనీలో ఎల్‌ఈడీ బల్బు ఒక దొంగ. వైఫై డబ్బా అడాప్టర్ ఇంకో దొంగ. సెల్‌ఫోన్ చార్జర్ అయితే ఫోన్ లేకుండా ఊరికే ప్లగ్గులో ఉన్నా మోత పెడుతోంది. వీటిలో కరెంటుని చాలా వేగంగా ఆపుతూ వదులుతూ ఉండే సర్క్యూట్ ఉంటుంది. దాని మోత సరిగ్గా మీడియం వేవ్ మీదే పడుతుంది. చవకరకం బల్బుల్లో దాన్ని ఆపే ఏర్పాటు సరిగ్గా ఉండదు. పైగా కాంక్రీటు గోడల్లో ఇనుపచువ్వలు బయటి సిగ్నల్‌ని లోపలికి రానివ్వవు. లోపలి మోత లోపలే ఉంటుంది, బయటి స్టేషన్ బయటే ఆగిపోతుంది. చాలామంది "రేడియో బాగాలేదు" అని వెనక్కి పంపేసేవాటిలో తప్పు రేడియోది కాకపోవచ్చు. కొత్త రేడియో కోసం డబ్బు పెట్టే ముందు, ఇంట్లో ఉన్నదాన్నే మేడ మీదికి తీసుకెళ్ళి ఒక్కసారి వినండి. అక్కడ బాగా వస్తే మార్చాల్సింది బల్బుని.

ఆ రెండో రేడియోని నాన్న చాలా ఇష్టపడ్డారు. ఒక్కటే ఇబ్బంది. 530 నుంచి 1600 దాకా స్టేషన్లన్నీ నాలుగు సెంటీమీటర్ల డయల్‌లో కుక్కేశారు. ఆయన చేతులు కొంచెం వణుకుతాయి. చక్రం వెంట్రుకవాసి జరిగినా 837 పోతుంది. ఒకరోజు చూస్తే డయల్ గాజు మీద ఎర్రటి చుక్క. అమ్మ స్టిక్కర్ బొట్టు. ఊరినుంచి తెచ్చిన అద్దానికి అంటుకుని ఉన్నదాన్ని ఒలిచి, సరిగ్గా విజయవాడ దగ్గర అతికించుకున్నారు. ముల్లు ఆ బొట్టు వెనక్కి వెళ్తే చాలు.

డాలస్‌లో ఉండే తమ్ముడికి ఈ సంగతి చెప్తే వాడు ఊరుకోలేదు. అంకెలు పడే డిజిటల్ రేడియో, మంచిది, అక్కణ్ణుంచి పంపించాడు. ముల్లు జరిగే బాధ లేదు. కానీ 837 రాదు! బటన్ నొక్కితే 830, మళ్ళీ నొక్కితే 840. మధ్యలో ఏమీ లేదు. 840 మీద పెడితే విజయవాడే వస్తోంది గానీ గొంతు పగిలినట్టు, "శ", "స" అన్నచోటల్లా బుసకొట్టినట్టు. మూడు రోజులు తంటాలు పడ్డాక తమ్ముడు రాత్రి ఫోన్ చేశాడు. "అక్కా, అమెరికాలో స్టేషన్లు పదేసి కిలోహెర్ట్జ్ దూరంలో ఉంటాయి. మనకి తొమ్మిదేసి. రేడియో ఆపి, ఆ బటన్ నొక్కి పట్టుకో. తెర మీద 9 అని పడేదాకా వదలకు." నొక్కి పట్టుకున్నాను. 9 పడింది. మన స్టేషన్లన్నీ తొమ్మిదో ఎక్కం మీద ఉన్నాయని అప్పుడు గమనించాను. హైదరాబాద్ 738, విజయవాడ 837, కడప 900, విశాఖపట్నం 927. అన్నీ తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడతాయి. అమెరికా నుంచి, కెనడా నుంచి అమ్మానాన్నలకి రేడియో తెచ్చేవాళ్ళు ఈ ఒక్క సంగతి అడిగి తెలుసుకోండి, ఆ మార్పు చేసుకునే వీలుందో లేదో. జపాన్‌లో అమ్మేవాటితో ఇంకో చిక్కు. అక్కడి ఎఫ్ఎం 76 దగ్గర మొదలై 95 దగ్గర ఆగిపోతుంది. ఆ దేశం కోసం మాత్రమే చేసిన రేడియోలో మన 101.9 ఎంత తిప్పినా రాదు.

డిజిటల్‌దానిలో నాన్నకి నచ్చనిది ఇంకొకటి ఉంది. మధ్యాహ్నం సిగ్నల్ సన్నబడినప్పుడు రేడియో తనంతట తానే గొంతు తగ్గించేస్తుంది. గరగర వినపడకూడదని అలా చేశారట. మామూలు శ్రోతకి అది సుఖమే. దూరపు స్టేషన్ వినేవాళ్ళకి మాత్రం గరగర ఉన్నా మాట కావాలి. "మాట మధ్యలో ఎవరో గొంతు నొక్కేస్తున్నారమ్మాయ్" అన్నారు నాన్న. పాత తరహాదానిలో గరగరతో పాటు మాటా ఉంటుంది. చెవి ఆ రెంటినీ విడదీసుకుంటుంది. మనిషి చెవికి ఆ ఓపిక ఉంది. అలాగని డిజిటల్ అన్నీ చెడ్డవని కాదు. టెక్సన్, సాంజీన్ లాంటి కంపెనీలు చేసేవాటిలో కొన్నిటికి, దూరపు స్టేషన్లు వినే రసికులు ఏళ్ళ తరబడి పరీక్షించి మంచిమాట చెప్తున్నారు. రేడియో అందుకునే వెడల్పు తగ్గించుకుని పక్క స్టేషన్‌ని పక్కకి నెట్టే వీలు వాటిలో ఉంటుంది. నేను వాటిని వాడి చూశాక కూడా నాన్నకి ముల్లున్నదే ఎంచుకున్నాను. నాకే అయితే అంకెలున్నది కొనుక్కుంటాను. చేతులు వేరు, చెవులు వేరు.

బాగా వినపడటం అంటే

కొట్లో "సౌండ్ బాగుందా" అని అడిగితే వాల్యూం పూర్తిగా పెంచి పాట వినిపిస్తారు. దుమ్ములేచిపోయేలా బేస్. మనం తలూపుతాం. రేడియోలో రోజూ వినేది ఏమిటో ఆలోచించండి. వార్తలు, ప్రసంగాలు, నాటికలు, వ్యవసాయం, వాతావరణం. మాట. మాటకి బేస్ ఎక్కువైతే కుండలో మాట్లాడినట్టు ఉంటుంది.

వయసు మీద పడ్డవాళ్ళకి ముందుగా తగ్గేది సన్నటి ధ్వనులు వినే శక్తి. అచ్చులు వినపడతాయి, హల్లులు జారిపోతాయి. "సరిగ్గా వినపడటం లేదు" అంటే మనం వాల్యూం పెంచుతాం. అచ్చులు ఇంకా పెద్దవవుతాయి, హల్లులు అలాగే పోతాయి. నాన్న విషయంలో ఇది నేను కళ్ళారా చూశాను. మొదటి రేడియోలో వార్తలు పెద్దగా పెట్టినా "ఏ మండలం అన్నాడు?" అని అడిగేవారు. ఇప్పుడున్నదానిలో సగం వాల్యూంకే మండలం పేరుతో సహా అందుతోంది. మీడియం వేవ్‌లో స్టేషన్‌కి దొరికే చోటే తక్కువ, పై ధ్వనులు నాలుగున్నర కిలోహెర్ట్జ్ దాటి పెద్దగా ఉండవు. ఉన్న ఆ కొంచెంలో రేడియో మళ్ళీ కత్తిరించేస్తే మిగిలేది గుసగుసే.

స్పీకర్ పరిమాణం కూడా చూడాలి. రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్ద స్పీకర్ నుంచి వచ్చే గొంతు చెవి దగ్గర పెట్టుకుంటే బానే ఉంటుంది. నాలుగడుగుల దూరంలో కూర్చుంటే రేకుడబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టు ఉంటుంది. మూడంగుళాల స్పీకర్, దాని వెనక గాలి ఆడటానికి కాస్త చోటు ఉంటే గొంతుకి ఒళ్ళు వస్తుంది. నాన్న కోసం నాలుగోసారి కొన్నది అరచేతి కంటే కొంచెం పెద్దది, మందం రెండు వేళ్ళు. చొక్కా జేబులో పట్టదు, లాల్చీ జేబులో పడుతుంది. నేను సర్దుకోవచ్చు అనే కొలత అదే. రోజూ నడకకి వెళ్తూ ఇయర్‌ఫోన్‌తో ఎఫ్ఎం వినేవాళ్ళకి ఈ మాట వర్తించదు. ఎఫ్ఎంకి ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్ అవుతుంది, అగ్గిపెట్టెంత రేడియో చాలు. అందుకే ఎవరు, ఎక్కడ, ఏ స్టేషన్ అని అడగకుండా పేరు చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు

ఈ ప్రశ్న మా ఆయన మొదటిరోజే అడిగారు. సరైన ప్రశ్నే. ఆకాశవాణి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ కేంద్రం ఉంది. గరగర లేదు, దిక్కులు లేవు, బల్బు ఆపక్కర్లేదు. బ్లూటూత్ స్పీకర్‌కి కలిపితే ఏ జేబు రేడియో గొంతూ దాని ముందు నిలవదు. శబ్దం ఒక్కటే లెక్కయితే నా వాదన ఓడిపోయినట్టే. ఒప్పుకుంటున్నాను.

నెల రోజులు నాన్నకి అదే అలవాటు చేయాలని చూశాం. ఫోన్ తాళం తీయాలి, యాప్ వెతకాలి, కేంద్రాల పట్టీలో విజయవాడ దాకా జరపాలి. ఎండిన వేళ్ళతో తాకితే తెర ఒకోసారి పట్టించుకోదు. మధ్యలో ఫోన్ వస్తే వార్తలు ఆగిపోతాయి. యాప్‌లో మాట కాసేపు ఆలస్యంగా వస్తుంది, దాన్ని బట్టి గడియారం సరిచేసుకోవడం కుదరదు. ఇవన్నీ ఇబ్బందులే గానీ అసలు కారణం ఇవి కాదు. ప్రతి పొద్దునా నన్ను లేపి "కాస్త విజయవాడ పెట్టమ్మాయ్" అని అడగాల్సి వచ్చేది. అడగడం ఇష్టం లేక చాలా రోజులు మానేశారు. రేడియో అయితే మీట తిప్పితే చాలు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి ఇంకొకరి సాయం లేకుండా చేసుకోగలిగే పనులు ఏడాదికేడాది తగ్గుతుంటాయి. ఈ ఒక్క పనైనా ఆయన చేతిలో ఉండాలని నా పట్టుదల.

ఫోన్లలో ఎఫ్ఎం తీసేయవద్దని 2023లో కేంద్ర ప్రభుత్వం తయారీదారులకి సలహా కూడా ఇచ్చింది. విపత్తుల్లో పనికొస్తుందని. మంచి ఆలోచనే. కానీ ఇయర్‌ఫోన్ తీగ పెట్టే చోటే లేని ఫోన్లు ఎక్కువైపోయాయి. ఉన్నా అందులో మీడియం వేవ్ రాదు.

విపత్తు మాట వచ్చింది కాబట్టి సెల్స్ సంగతి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మా పిన్ని వాళ్ళు విజయవాడ సింగ్‌నగర్‌లో మొదటి అంతస్తులో చిక్కుకుపోయారు. కరెంటు లేదు. ఫోన్లు రెండో రోజుకే చచ్చిపోయాయి. వాళ్ళింట్లో రేడియో ఉంది. చార్జింగ్ పెట్టుకునే రకం, బ్యాటరీ లోపలే ఉంటుంది, బయటికి తీయడానికి రాదు. అది కూడా మొదటి రాత్రే ఆగిపోయింది. పక్కవాటాలో పెద్దాయన దగ్గర పెన్ సెల్స్ రేడియో ఉంది. గోడగడియారంలోంచి, టీవీ రిమోట్‌లోంచి సెల్స్ తీసి వేసుకుంటూ నడిపించారు. నీళ్ళు ఎప్పుడు తీస్తాయని చెప్తున్నారో, పడవలు ఎటు వస్తున్నాయంటున్నారో మేడ మీద నిలబడి అందరికీ కేకేసి చెప్పేవాడట ఆయన. పిన్ని ఇప్పటికీ ఆ గొంతు గురించి చెప్తుంది. అప్పటినుంచి నేను బయటికి తీయడానికి వీలులేని బ్యాటరీ ఉన్న రేడియో ఏదీ ఇంట్లోకి రానివ్వడం లేదు. చార్జింగ్ కావాలంటే చార్జ్ చేసుకునే పెన్ సెల్స్ దొరుకుతాయి. ఒక్కటే జాగ్రత్త, వాడనప్పుడు సెల్స్ తీసేయాలి. లోపల కారి తెల్లగా ఉప్పు పట్టిందంటే స్ప్రింగులు తినేస్తుంది. నాన్న పాత ట్రాన్సిస్టర్ అలాగే పోయింది.

నన్ను నిజంగా తొలిచే అనుమానం

ఇంత చెప్పాక ఒక సంగతి దాచలేను. మీడియం వేవ్ ఎన్నాళ్ళుంటుంది? దేశంలో చాలాచోట్ల పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు మూసేశారు. ఆకాశవాణి ఎఫ్ఎం వైపు జరుగుతోంది. అదే మీడియం వేవ్ మీద డీఆర్ఎం అనే డిజిటల్ ప్రసారం కూడా పెట్టారు. దాన్ని పట్టే రేడియో మారుతి, హ్యుందాయ్ కార్లలో చాలావాటిలో ఉంది గానీ, మామూలు మనిషి చేతిలోకి వచ్చే ధరలో జేబు రేడియో మాత్రం మన కొట్లలో నాకు దొరకలేదు. కారున్నవాడికి కొత్తది అందింది, పొలంగట్టు మీద వినేవాడికి అందలేదు. నాకు ఇందులో న్యాయం కనపడలేదు.

రేపు 837 ఆగిపోతే నాన్న రేడియోలో సగం మూగబోతుంది. అది తెలిసీ కొన్నాను. ఎఫ్ఎం అంత దూరం రాదు. వంద మెగాహెర్ట్జ్ తరంగం చూపు ఆనినంత దూరమే నమ్మకంగా వెళ్తుంది, 270 కిలోమీటర్లు దాన్నుంచి ఆశించలేం. ఊరు వదిలి వచ్చిన మనిషికి ఊరి గొంతు నెట్ లేకుండా చేతిలోకి అందించగలిగేది ఇప్పటికి మీడియం వేవే. ఉన్నన్నాళ్ళు విననీ. ఎఫ్ఎం మాత్రమే ఉన్నది చాలని చాలామంది అంటారు, మీరు వినే స్టేషన్ మీ ఊళ్ళోనే ఉంటే అది నిజమే. డబ్బు వృథా చేయకండి.

కొనేటప్పుడు నేను చేసేది చెప్తాను. మాల్‌లో, అద్దాల కొట్లో రేడియో పరీక్షించను. అక్కడ అన్నీ చచ్చినట్టే ఉంటాయి. రెండు సెల్స్ నా సంచిలో వేసుకెళ్ళి, రేడియోని రోడ్డు మీదికి తెచ్చి వింటాను. బాగా వచ్చే స్టేషన్ పెట్టను, అది అన్నిట్లోనూ వస్తుంది. అతి కష్టంగా వచ్చే స్టేషన్ పెట్టి, రేడియోని మెల్లగా చుట్టూ తిప్పుతాను. తిప్పుతున్నప్పుడు గొంతు లేస్తూ పడుతూ ఉంటే లోపల కడ్డీ పనిచేస్తోందన్నమాట. తరవాత వార్తలో ప్రసంగమో పెట్టి, వాల్యూం తగ్గించి, రెండడుగులు వెనక్కి వేసి పేర్లు అందుతున్నాయో లేదో చూస్తాను. కొట్టువాళ్ళు కొందరు విసుక్కుంటారు. ఒకాయన మాత్రం తనూ బయటికొచ్చి పక్కన నిలబడి విన్నాడు. ఆయన దగ్గరే కొన్నాను. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి ఇచ్చే గడువులోపలే, రాత్రి కాదు, పగటిపూట వినండి. సూర్యుడు దిగాక మీడియం వేవ్ ఆకాశం మీంచి కూడా వస్తుంది, ఎక్కడెక్కడి స్టేషన్లో మోగుతాయి. అది చూసి మోసపోతాం.

ఇదంతా రాస్తుండగా మా ఆఫీసు ఆవిడ దగ్గర్నుంచి మళ్ళీ మెసేజ్ వచ్చింది. వాళ్ళమ్మ ఏ స్టేషన్ వింటుందో తనకి తెలియదట. ఆ రాత్రి ఫోన్ చేసి అడిగిందట. వాళ్ళమ్మ ఉండేది నర్సీపట్నం. విశాఖపట్నం కేంద్రం వింటుంది, 927. పొద్దున్న కాదు, రాత్రి నిద్ర పట్టక, మంచం మీద పడుకుని. పాట మధ్యలో కళ్ళు మూతలు పడతాయి. రేడియో తెల్లవార్లూ మోగుతూనే ఉంటుంది, సెల్స్ అయిపోతాయి. చీకట్లో ఆపాలంటే బటన్లన్నీ ఒకేలా తగులుతున్నాయి, ఒకటి నొక్కితే స్టేషన్ మారిపోతోంది, అదీ ఆవిడ బాధ.

నర్సీపట్నంలో విశాఖ బాగానే అందాలి. కడ్డీ పొడవు గురించి వాళ్ళు అంత పట్టించుకోనక్కర్లేదు. "గుండ్రటి మీట ఉన్నది చూడు" అని రాశాను. "వాల్యూం తగ్గిస్తూ పోతే చివర టక్కుమని ఆగిపోయేది. మీ అమ్మగారి చేతికిచ్చి, కళ్ళు మూసుకుని ఆపమని చెప్పి, అప్పుడు డబ్బులియ్యి."